వేలంలో లక్షన్నర కోట్లు... ఆపదలో 112

1,50,173 కోట్ల రూపాయలు. 2022 ఆగస్టు 1న ముగిసిన స్పెక్ట్రమ్ వేలంలో నాలుగు కంపెనీలు కలిసి పాడిన మొత్తం ఇది. జియో 88,078 కోట్లు, ఎయిర్‌టెల్ 43,084 కోట్లు, వొడాఫోన్ ఐడియా 18,799 కోట్లు, అదానీ సంస్థ 212 కోట్లు. దేశంలో 5జీ ఈ వేలంతోనే మొదలైంది.

ఇక రెండో అంకె 112. ఇంట్లో దొంగలు పడినా, వంటింట్లో మంటలు లేచినా, హైవే మీద బండి బోల్తా పడినా, అర్ధరాత్రి నాన్నకు గుండెనొప్పి వచ్చినా నొక్కాల్సిన నంబరు.

ఈ రెండు అంకెలను మనం వేరువేరు వార్తలుగా చదువుతాం. వేలం సంగతి బిజినెస్ పేజీలో వస్తుంది, 112 సంగతి జిల్లా పేజీలో. నిజానికి రెండూ ఒకే వనరు మీద, ఒకే చట్టం కింద నడుస్తాయి. కంపెనీ కోట్లు పోసి కొన్న తరంగాల మీదే మన ఆపద పిలుపు ప్రయాణించాలి. ఆ తరంగాలు ఎవరివి, వాటిని ఎలా పంచుతున్నారు, ఆపద వేళ అవి మనకు ఎంతవరకు పనికొస్తున్నాయి? అంకెల సాయంతో ఒక్కొక్కటే చూద్దాం.

1885, 1933, 2023

భారత టెలిగ్రాఫ్ చట్టం 1885 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. అప్పటికి రేడియో లేదు. తీగల మీద వెళ్లే తంతి కోసం రాసిన చట్టమది. తీగ లేకుండా మాట పంపడం సాధ్యమయ్యాక 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తెచ్చారు. లైసెన్సు లేకుండా ఎవరి దగ్గరా వైర్‌లెస్ పరికరం ఉండకూడదన్నది దాని సారం. తొలిసారి పట్టుబడితే 100 రూపాయల దాకా జరిమానా, మళ్లీ పట్టుబడితే 250. ప్రసారం చేసే యంత్రమైతే మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ.

టెలిగ్రామ్ సేవను 2013 జులైలో ఆపేశారు. తంతి పోయినా తంతి చట్టం మరో పదేళ్లు బతికింది. మొబైల్ ఫోన్లు, ఇంటర్నెట్, ఉపగ్రహ సేవలు అన్నీ దాని నీడలోనే నడిచాయి. చివరికి 2023 డిసెంబరు 18న కొత్త టెలికమ్యూనికేషన్ల బిల్లు లోక్‌సభకు వచ్చింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. 24న రాష్ట్రపతి సంతకం చేశారు. 138 ఏళ్ల చట్టానికి బదులు చట్టం రావడానికి వారం కూడా పట్టలేదు.

కొత్త చట్టాన్ని ఒక్కసారిగా కాకుండా విడతలుగా అమల్లోకి తెచ్చారు. ఆపద సమయాల గురించి చెప్పే 20వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి, స్పెక్ట్రమ్‌ను సద్వినియోగం చేయడం గురించి చెప్పే 6, 7, 8 సెక్షన్లు జులై 5 నుంచి అమలవుతున్నాయి. శిక్షల స్థాయి కూడా మారింది. అనుమతి లేకుండా టెలికాం నెట్‌వర్క్ నడిపితే మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. అనుమతి లేని రేడియో పరికరం దగ్గర పెట్టుకుంటే తొలిసారి 50 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ రెండు లక్షల దాకా కట్టించవచ్చని మూడో షెడ్యూలు చెబుతోంది.

ఇంత కఠినం దేనికని అనిపించవచ్చు. ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు మాట్లాడితే ఇద్దరి మాటా వినపడదు. విమానాల ఆపద పిలుపులకు 121.5 మెగాహెర్ట్జ్, ఓడలవాళ్ల పిలుపులకు 156.8 మెగాహెర్ట్జ్, మునిగిపోతున్న పడవ నుంచి ఉపగ్రహానికి చేరే సంకేతాలకు 406 మెగాహెర్ట్జ్‌ను ప్రపంచ దేశాలన్నీ కలిసి ప్రత్యేకించుకున్నాయి. అక్కడ ఎవరైనా తెలియక సొద పెడితే నడిసంద్రంలో ఉన్నవాడి కేక వినపడకుండా పోతుంది. అందుకే తరంగాల క్రమశిక్షణ ప్రాణరక్షణలో భాగం. ఆన్‌లైన్‌లో విచ్చలవిడిగా అమ్ముడవుతున్న వాకీటాకీల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో మార్గదర్శకాలు తెచ్చింది కూడా ఇందుకే. లైసెన్సు అక్కర్లేకుండా వాకీటాకీలు వాడుకోవడానికి మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఒక చిన్న ముక్క ఉంది. దాన్ని దాటి పనిచేసే పరికరం కొనేముందు అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.

యజమాని ఎవరు?

కొత్త చట్టంలో అన్నిటికన్నా విలువైన మాట 4వ సెక్షన్‌లో ఉంది. ప్రజల తరఫున స్పెక్ట్రమ్‌కు యజమాని కేంద్ర ప్రభుత్వం అని అది చెబుతోంది. ఇందులో ‘ప్రజల తరఫున’ అన్న మాటకు 28 ఏళ్ల చరిత్ర ఉంది.

1993లో హీరో కప్ క్రికెట్ పోటీల ప్రసారం మీద బెంగాల్ క్రికెట్ సంఘానికీ, దూరదర్శన్‌కూ తగాదా వచ్చింది. అది సుప్రీంకోర్టుకు చేరింది. 1995 ఫిబ్రవరి 9న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెబుతూ గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించింది. ప్రభుత్వం వాటిని ప్రజల మేలు కోసమే వాడాలని, ఒక్కరి గుత్తాధిపత్యంలో పెట్టకూడదని తేల్చింది. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్‌లతో పాటు ఆ ధర్మాసనంలో ఉన్న మూడో న్యాయమూర్తి అంతకుముందు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఆయన తన అభిప్రాయాన్ని విడిగా రాశారు. అప్పుడు తీర్పుగా వచ్చిన సూత్రం 2023లో చట్టం అయ్యింది.

స్పెక్ట్రమ్ ఊరి చెరువు లాంటి ఉమ్మడి ఆస్తి. పంపకంలో న్యాయం ఉండాలి, ఎవరూ గట్టు తెంచకూడదు. అయితే ఒక పెద్ద తేడా ఉంది. ఈరోజు వాడని చెరువు నీళ్లు రేపటికి మిగులుతాయి. ఈరోజు వాడని తరంగం ఎవరికీ మిగలదు. వాడినంత మాత్రాన అరిగిపోదు, దాచినంత మాత్రాన పెరగదు. అందువల్ల స్పెక్ట్రమ్ విషయంలో చౌకగా అమ్మడం ఎంత తప్పో, ఖాళీగా ఉంచడమూ అంతే తప్పు. మన దేశం ఈ రెండు తప్పులూ చేసింది.

1,658 కోట్లు, 122 లైసెన్సులు

మొదటి తప్పు అందరికీ గుర్తున్నదే. 2001లో ఖరారైన 1,658 కోట్ల ధరకే 2008లో దేశమంతటికీ వర్తించే లైసెన్సులు, వాటితో పాటు 2జీ స్పెక్ట్రమ్ ఇచ్చారు. ఏడేళ్లలో మొబైల్ మార్కెట్ ఎన్నో రెట్లు పెరిగినా ధర మాత్రం కదల్లేదు. దీనివల్ల ఖజానాకు 1.76 లక్షల కోట్ల దాకా నష్టం వాటిల్లి ఉండవచ్చని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ అంచనా వేసింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు ఆ 122 లైసెన్సులను రద్దు చేసింది. క్రిమినల్ కేసులో నిందితులందరినీ 2017 డిసెంబరు 21న ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. లైసెన్సుల రద్దు మాత్రం అలాగే నిలిచింది.

అప్పటికే 2010లో జరిగిన 3జీ వేలం వేరే దారి చూపించింది. 34 రోజులు, 183 రౌండ్లు సాగిన ఆ వేలంలో 67,719 కోట్లు వచ్చాయి. దాని వెంటే జరిగిన బ్రాడ్‌బ్యాండ్ స్పెక్ట్రమ్ వేలం మరో 38,543 కోట్లు తెచ్చింది. వేలమే న్యాయమైన పద్ధతి అన్న అభిప్రాయం స్థిరపడింది. కొత్త చట్టం కూడా వేలాన్నే నియమంగా పెట్టుకుంది.

2022 వేలానికి 72,098 మెగాహెర్ట్జ్ పెడితే 51,236 అమ్ముడైంది, అంటే 71 శాతం. రెండేళ్లకు, 2024 జూన్ 25, 26 తేదీల్లో జరిగిన వేలంలో పరిస్థితి తలకిందులైంది. 10,522.35 మెగాహెర్ట్జ్ పెడితే అమ్ముడైంది 141.4 మాత్రమే. ఒకటిన్నర శాతం కూడా లేదు. మొత్తానికి కనీస ధరలు 96,238 కోట్లు కాగా వచ్చినవి 11,340.78 కోట్లు. ఏడు రౌండ్లతో ముగిసింది.

ఈ కోట్లు ఎంత పెద్దవి? దేశంలో మొబైల్ కనెక్షన్లు 110 కోట్లకు పైనే. 115 కోట్లుగా తీసుకుని 2022 వేలం మొత్తాన్ని భాగిస్తే కనెక్షన్‌కు దాదాపు 1,300 రూపాయలు పడుతుంది. ఈ స్పెక్ట్రమ్ హక్కు 20 ఏళ్లకు. వడ్డీ కలపకుండా చూస్తే ఏడాదికి 65 రూపాయలు. కట్టేది కంపెనీలే అయినా చివరికి ఆ సొమ్ము మన రీచార్జిల నుంచే రావాలి. అంటే మన ఆస్తిని వాడుకోవడానికి మనమే విడతలుగా కడుతున్నాం. అలాంటప్పుడు ఆపదలో ఆ ఆస్తి మనకు ఎలా పనిచేస్తోందని అడిగే హక్కు ఖాయంగా మనదే.

11,485 నుంచి 3,927కి

రెండో తప్పు గురించి మాట్లాడుకున్నది తక్కువ. 700 మెగాహెర్ట్జ్ తరంగాలు ఎక్కువ దూరం పోతాయి, గోడలు దాటి లోపలి గదులకు చేరతాయి. పల్లెలకు, ఏజెన్సీ గ్రామాలకు, కాంక్రీటు అపార్టుమెంట్లకు ఇంతకన్నా అనువైనవి తక్కువ. 2016 వేలంలో వీటికి పెట్టిన కనీస ధర దేశమంతటికీ కలిపి మెగాహెర్ట్జ్‌కు 11,485 కోట్లు. ఒక్కరూ ముందుకు రాలేదు. 2021లో 6,568 కోట్లకు దించారు. అప్పుడూ ఎవరూ కొనలేదు. 2022లో 3,927 కోట్లకు తెస్తే జియో ఒక్కటే 10 మెగాహెర్ట్జ్ తీసుకుని 39,270 కోట్లు పాడింది. ఆ వేలంలో ఆ కంపెనీ పెట్టిన మొత్తంలో దాదాపు 45 శాతం ఈ ఒక్క బ్యాండ్‌కే పోయింది.

2016 నుంచి 2022 వరకు ఆరేళ్లు. సిగ్నల్ కోసం మిద్దెక్కి, గుట్టెక్కి ఫోన్ పట్టుకునే జనం ఉన్న దేశంలో దూరం పోగల తరంగాలు ధర ఎక్కువై ఆరేళ్లు మూలన పడి ఉన్నాయి. కేటాయించిన స్పెక్ట్రమ్‌ను సరైన కారణం లేకుండా వాడకపోతే వెనక్కి తీసుకునే అధికారాన్ని 7వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. ఇది మంచి మార్పు. కానీ అమ్ముడుపోక ప్రభుత్వం దగ్గరే పడి ఉన్న స్పెక్ట్రమ్‌కు కూడా ఇలాంటి గడువు ఉండాలి. ఫలానా కాలంలో కొనేవారు రాకపోతే ధర తగ్గించడమో, ప్రజాసేవలకు ఇచ్చేయడమో చేయాలి.

వేలం అక్కర్లేని 19 పద్దులు

వేలం నియమమైతే దానికి మినహాయింపులు చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మొత్తం 19 పద్దులు. దేశరక్షణ, విపత్తు నిర్వహణ, ప్రాణాలూ ఆస్తుల రక్షణ, వాతావరణ హెచ్చరికలు, రైళ్లూ మెట్రోలూ విమానాశ్రయాలూ ఓడరేవుల భద్రత, గనుల్లో భద్రత, అంతరిక్ష పరిశోధన, ప్రజా ప్రసారాలు, బీఎస్‌ఎన్‌ఎల్, కొన్ని ఉపగ్రహ సేవలు ఆ జాబితాలో ఉన్నాయి. వీటికి ప్రభుత్వం నేరుగా కేటాయించవచ్చు.

దీని విలువ తెలియాలంటే రైల్వేను చూడాలి. రైళ్ల మధ్య మాటలకు, భద్రతకు 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ ఇవ్వడానికి 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం అంగీకరించింది. 2022లో అమ్ముడైన ధర కట్టి చూస్తే దాని విలువ 19,635 కోట్లు. ఒకే పట్టాల మీదికి రెండు రైళ్లు రాకుండా ఆపే ‘కవచ్’ వ్యవస్థ ఇంజనుకూ, స్టేషనుకూ మధ్య రేడియో సంకేతాల మీదే ఆధారపడి పనిచేస్తుంది. దాన్ని తొలుత విస్తృతంగా ఏర్పాటు చేసింది మన దక్షిణ మధ్య రైల్వేలోనే, 1,465 కిలోమీటర్ల మేర. రైల్వేకు ఇచ్చిన ఆ 5 మెగాహెర్ట్జ్‌ను వేలానికి పెట్టి ఉంటే ఖజానాకు డబ్బు వచ్చేదే. రెండు రైళ్లు ఢీకొనకుండా ఆగినప్పుడు దక్కే ప్రాణాలకు వేలంలో ధర కట్టేవారు ఉండరు.

రక్షించేవాళ్లకు 20 మెగాహెర్ట్జ్

2014 అక్టోబరు 12. గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. కరెంటు పోయింది, టవర్లు మూగపోయాయి. ఫోన్ అత్యంత అవసరమైన గంటల్లో ఫోన్ లేదు. ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో తెలుసుకునే దారి అధికారులకే కరువైంది. ఇలాంటి వేళల్లో అక్కరకొచ్చేవాళ్లు లైసెన్సు తీసుకుని సొంత రేడియోలు నడిపే హామ్‌లు. 1983లో హైదరాబాద్‌లో నెలకొల్పిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఎందరినో ఇందుకు తయారు చేసింది. వాళ్ల సేవను గౌరవిద్దాం. కానీ కోట్ల మంది ప్రాణాలను ఔత్సాహికుల మీద వదిలేయలేం.

టవర్లు నిలిచినా మరో చిక్కు ఉంది. విపత్తు వేళ అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు. ఆ రద్దీలో పోలీసు, అగ్నిమాపక, వైద్య సిబ్బంది కాల్ కూడా వరుసలో నిలబడాల్సి వస్తుంది. అందుకే వాళ్ల కోసం ప్రత్యేకంగా దేశవ్యాప్త బ్రాడ్‌బ్యాండ్ నెట్‌వర్క్ ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 జూన్ 4న సిఫారసు చేసింది. 814–824, 859–869 బ్యాండ్లలో చెరో 10, మొత్తం 20 మెగాహెర్ట్జ్ కేటాయించమంది. 2001 సెప్టెంబరు దాడుల అనుభవంతో అమెరికా 2012లో చట్టం చేసి సరిగ్గా ఇంతే స్పెక్ట్రమ్‌ను, 700 కోట్ల డాలర్ల నిధితో పాటు, తన రక్షణ సిబ్బంది నెట్‌వర్క్‌కు ఇచ్చింది. 2024 వేలంలో మన దగ్గర అమ్ముడుపోకుండా మిగిలిపోయింది పదివేల మెగాహెర్ట్జ్‌కు పైనే. బ్యాండ్లు వేరు కావచ్చు, పరికరాలు వేరు కావచ్చు. అయినా రక్షకులకు 20 మెగాహెర్ట్జ్ పక్కన పెట్టలేనంత కరువు ఈ దేశంలో లేదు.

100, 101, 102, 108... అన్నిటికీ 112

ఆపదకు ఒక నంబరు ఉండాలన్న ఆలోచన 1937 జూన్ 30న లండన్‌లో 999తో మొదలైంది. అమెరికాలో 911 మీద తొలి కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో మోగింది. ఐరోపా దేశాలు 1991లో 112ను ఉమ్మడి నంబరుగా ఎంచుకున్నాయి.

మనకు పోలీసుకు 100, అగ్నిమాపకానికి 101, అంబులెన్సుకు 102 ఉండేవి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 ఈ చరిత్రలో ఒక మలుపు. ఒక్క ఫోన్‌తో ఇంటి ముందుకు అంబులెన్సు, అందులో శిక్షణ పొందిన సిబ్బంది, చేతిలోంచి పైసా పోకుండా ఆసుపత్రికి. తెలుగునేల మీద నిలదొక్కుకున్న ఈ పద్ధతిని తర్వాత ఎన్నో రాష్ట్రాలు అందుకున్నాయి. ఊళ్లలో నేటికీ ‘వన్ నాట్ ఎయిట్‌కి కొట్టు’ అనే అంటారు.

2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ ‘నిర్భయ’ ఘోరం తర్వాత అన్ని సేవలకూ ఒకే నంబరు కావాలన్న ఒత్తిడి పెరిగింది. 2015 ఏప్రిల్ 7న ట్రాయ్ 112ను సిఫారసు చేసింది. పాత నంబర్లను తీసేయకుండా, అవి కూడా కొత్త కేంద్రానికే చేరేలా చూడమంది. నిర్భయ నిధి నుంచి 321.69 కోట్లు కేటాయించారు. 2018 నవంబరు 28న 112 సేవ హిమాచల్ ప్రదేశ్‌లో మొదలైంది. 2019 ఫిబ్రవరి 19న 16 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు విస్తరించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ జాబితాలో ఉన్నాయి.

ఫోన్‌లోనే ఆపద మీట ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ 22న వచ్చింది. దాన్ని తెచ్చింది వైర్‌లెస్ పరికరాలను అదుపు చేసే ఆ 1933 చట్టం కిందనే. 2017 జనవరి 1 నుంచి అమ్మే మామూలు ఫోన్లలో 5 లేదా 9 మీటను నొక్కి పట్టుకుంటే ఆపద కాల్ వెళ్లాలి. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ మీటను వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే వెళ్లాలి. 2018 జనవరి 1 నుంచి ఫోన్‌లో ఉపగ్రహ ఆధారిత లొకేషన్ సౌకర్యం కూడా ఉండాలని అదే నిబంధన చెప్పింది. కొత్త చట్టం పాతదాన్ని తీసేసినా, దాని కింద చేసిన నిబంధనలు వేరేవి వచ్చేవరకు కొనసాగుతాయి. ఇన్నేళ్లయినా ఈ మీట సంగతి తెలిసినవాళ్లు మన చుట్టూ ఎందరున్నారో ఒకసారి అడిగి చూడండి.

3,100 ఎకరాల్లో ఒక మనిషి

112 కాల్ తీసుకున్నవారి మొదటి ప్రశ్న: ఎక్కడున్నారు? జవాబు చెప్పగలిగితే సగం పని అయినట్టే. కారు లోయలో పడి స్పృహ తప్పుతున్నవాడు, తెలియని ఊళ్లో దారి తప్పినవాడు, గదిలో దాక్కుని గొంతెత్తలేని అమ్మాయి, మాట పడిపోయిన పెద్దాయన ఏం చెప్పగలరు? అప్పుడు నెట్‌వర్కే చెప్పాలి.

ఫోన్ ఏ టవరు పరిధిలో ఉందో నెట్‌వర్క్‌కు ఎప్పుడూ తెలుసు. పల్లెలో ఒక టవరు పరిధి రెండు కిలోమీటర్లనుకుందాం. రెండు కిలోమీటర్ల వ్యాసార్థంతో గీసిన వృత్తం వైశాల్యం 12.57 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 3,100 ఎకరాలు. మనిషి ఆ వృత్తంలో ఎక్కడో ఉన్నాడు. అదే 50 మీటర్ల కచ్చితత్వంతో తెలిస్తే వెతకాల్సింది రెండెకరాల లోపే. 3,100 ఎకరాల మొక్కజొన్న చేలల్లో వెతకడానికీ, రెండెకరాల్లో వెతకడానికీ మధ్య తేడా గంటల్లో ఉంటుంది. రక్తం కారుతున్న మనిషికి అన్ని గంటలు ఉండవు.

ఈ 50 మీటర్లు నేను ఊహించి చెబుతున్న అంకె కాదు. మొబైల్ నుంచి 911కు వచ్చే కాల్స్‌లో 80 శాతానికి 50 మీటర్ల లోపు కచ్చితత్వం ఉండాలని అమెరికా 2015లో నిబంధన పెట్టి, పెద్ద కంపెనీలకు ఆరేళ్ల గడువిచ్చింది. బహుళ అంతస్తుల భవనాల్లో ఎత్తును కూడా 3 మీటర్ల తేడాలో చెప్పాలని ఆ తర్వాత 2019లో అంది. అంటే ఏ అంతస్తో తెలియాలి. ఐరోపా సంఘం 2022 మార్చి 17 నుంచి అమ్మే స్మార్ట్‌ఫోన్లన్నీ 112కు కాల్ చేసిన క్షణమే తమ లొకేషన్‌ను పంపగలగాలని నియమం పెట్టింది.

మనకు ఇందులో ఇంకో మెలిక ఉంది. దేశంలో టెలికాం లైసెన్సు సర్కిళ్లు 22. రాష్ట్రం రెండయినా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. 112 కేంద్రాలు మాత్రం ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. నాగార్జునసాగర్ దగ్గర కృష్ణకు ఈ ఒడ్డున ఉన్నవారి ఫోన్‌ను ఆ ఒడ్డు టవరు అందుకోవచ్చు. అప్పుడు కాల్ పక్క రాష్ట్రానికి పోయే వీలుంది. కచ్చితమైన లొకేషన్ కాల్‌తో పాటే వస్తే ఏ కేంద్రం తీసుకున్నా క్షణంలో సరైన చోటికి మళ్లించవచ్చు.

20వ సెక్షన్‌లో రెండు అధికారాలు

2023 చట్టంలో ఆపద వేళల గురించి చెప్పేది 20వ సెక్షన్. విపత్తు వంటి ప్రజా అత్యవసర పరిస్థితిలో ప్రభుత్వం ఏ నెట్‌వర్క్‌నైనా తాత్కాలికంగా తన చేతిలోకి తీసుకోవచ్చు. సహాయక సిబ్బంది సందేశాలకు ముందుగా దారి ఇవ్వాలని ఆదేశించవచ్చు. 2023లో మన ఫోన్లు ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగి పరీక్షా సందేశం చూపించాయి, గుర్తుందా? టవరు కింద ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరే ఆ హెచ్చరిక కూడా ఈ తరంగాల ప్రజోపయోగమే.

అదే సెక్షన్ సేవలను నిలిపివేసే అధికారం కూడా ఇచ్చింది. దాని కోసం 2024లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఒక ఆదేశం 15 రోజులకు మించి ఉండకూడదని అవి చెబుతున్నాయి. ఇంటర్నెట్‌ను నిరవధికంగా ఆపడం చెల్లదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనూరాధా భసీన్ కేసులో చెప్పింది. శాంతిభద్రతల అవసరాన్ని కాదనను. కానీ లొకేషన్ పంపే యాప్‌లు, ఆసుపత్రుల సమాచారం, సొంతవారి క్షేమం అన్నీ డేటా మీద నడుస్తున్న రోజులివి. నెట్ ఆపే ప్రతి ఆదేశంలోనూ ఆపద సేవల దారి ఎలా తెరిచి ఉంచుతారో రాసి తీరాలి.

చట్టంలో లేని అంకెలు

ఈ చట్టంలో జైలు ఏళ్లకు, జరిమానా కోట్లకు అంకెలున్నాయి. 112 అన్న అంకె మాత్రం దాని సెక్షన్లలో ఎక్కడా లేదు. ఆపద కాల్ ఎన్ని సెకన్లలో అందుకోవాలో లేదు. లొకేషన్ ఎన్ని మీటర్ల తేడాలో తెలియాలో లేదు. తుపాను వచ్చాక టవర్లు ఎన్ని గంటలు నిలబడాలో లేదు. చట్టానికి అనుబంధంగా నిబంధనలు ఒక్కొక్కటే వస్తున్న కాలం ఇది. అడగాల్సిన సమయమూ ఇదే.

అడగాల్సినవి మూడు. ఒకటి, 112 కాల్‌కు 50 మీటర్ల లోపు లొకేషన్ తప్పనిసరి చేసి, ఏ కంపెనీ ఎంతవరకు అందుకుందో ఏటా ప్రకటించాలి. రెండు, ట్రాయ్ సిఫారసు చేసిన 20 మెగాహెర్ట్జ్‌ను పోలీసు, అగ్నిమాపక, వైద్య, విపత్తు సిబ్బందికి గడువు పెట్టి అప్పగించాలి. మూడు, తీరప్రాంత జిల్లాల్లోని టవర్లకు తుపాను వేళ ఎన్ని గంటల బ్యాటరీ, జనరేటర్ ఉండాలో అంకె వేసి, పాటించనివారికి జరిమానా వేయాలి. 1,50,173 కోట్లు వచ్చిన వనరు నుంచి ఇవి అడగడం అత్యాశ కాదు.

మన వంతూ ఉంది. ఈ రోజే మీ ఫోన్‌లో ఆపద మీట ఎలా పనిచేస్తుందో సెట్టింగుల్లో చూసి, ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లలకు నేర్పండి. ‘112 ఇండియా’ యాప్ వేసుకోండి. ప్రయాణంలో లొకేషన్ ఆన్‌లో ఉంచండి, హైవే మీద కిలోమీటరు రాళ్లు గమనిస్తూ ఉండండి. సరదాకు 112 నొక్కకండి, పిల్లల్ని నొక్కనివ్వకండి. ఆ నిమిషంలో నిజంగా ఆపదలో ఉన్నవారి కాల్ వరుసలో ఆగిపోతుంది. తరంగాలు ప్రజల ఆస్తి అని కోర్టు చెప్పింది, చట్టం ఒప్పుకుంది. ఆపదలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆ ఆస్తి అక్కరకు వచ్చేలా నిబంధనలు రాయించుకోవాల్సింది మనమే.